తప్పు అడ్రసుకే ముందు వెళ్ళండి

తమిళనాడులో రాజపాళయం పక్కన తళవాయిపురం నైటీలు కుట్టే ఊరు. ఏ వీధిలో నిలబడినా కుట్టుమిషన్ల చప్పుడే. పాత క్లచ్ మోటార్ల చోట ఇప్పుడు సర్వో మోటార్లు వస్తున్నాయి. వాటికి బల్ల కింద చిన్న కంట్రోల్ బాక్సు ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు సూది పైకి లేచి ఆగాలా, గుడ్డలో దిగి ఆగాలా అన్నది ఆ బాక్సే చూసుకుంటుంది. లోపల ఒక మైక్రోకంట్రోలర్. ఇలాంటి చిప్పులకు ప్రోగ్రాం రాసేది ఎక్కువగా సీ భాషలోనే. సూది ఎక్కడుందో తెలియాలంటే ఆ ప్రోగ్రాం ఫలానా అడ్రసులో ఉన్న బైటు చదవాలి. అందులో ఫలానా బిట్ ఒకటా సున్నానా అని చూడాలి. మోటారును ఆపడానికి ఇంకో అడ్రసులో రాయాలి.

ఆ వీధుల్లోంచి ఇంజనీరింగుకు వెళ్ళే పిల్లలకు పాయింటర్ నిర్వచనం కంఠతా వచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ల్యాబులో ఇంగ్లీషు, మూడింట్లోనూ చెప్పగలరు. కానీ నాలుగేళ్ళలో ఒక్కసారైనా తామే అడ్రసు ఎంచుకుని అక్కడి బైటును తాకినవాళ్ళు చాలా తక్కువ. రెండు వేరియబుల్స్‌ను తారుమారు చేసే స్వాప్ ఫంక్షన్ రాస్తారు, లింక్డ్ లిస్ట్ రాస్తారు. ఇంటర్వ్యూల కోసం ప్లస్‌లూ స్టార్లూ కలిపి కట్టిన పొడుపుకథలు విప్పుతారు. ఆ పొడుపుకథల వల్ల ఏ మోటారూ తిరగదు.

అందుకే నా సలహాలన్నీ పాఠానికి ఎదురుగా నడుస్తాయి. లెక్చరర్లు చెయ్యొద్దన్నవే చెయ్యమంటున్నాను. చేతికి ఒక ఆర్డ్వినో ఊనో బోర్డు కావాలి, నకిలీదైనా చాలు. పాతదో కొత్తదో లినక్స్ ఉన్న ఒక ల్యాప్‌టాప్ కావాలి.

మొదటి సలహా: వేరియబుల్ అడ్రసు తీసుకోకండి. అంకెనే తిన్నగా పాయింటర్‌లో పెట్టండి. "పాయింటర్‌లో నేరుగా నంబరు పెట్టకూడదు" అని మొదటి వారంలోనే చెప్తారు కదా, సరిగ్గా అదే చెయ్యండి. ఊనోలో ఉన్న చిప్ ఏటీమెగా328పీ. 13వ పిన్‌కు బోర్డు మీదే ఒక ఎల్‌ఈడీ ఉంది. ఆ పిన్ పోర్ట్ బీలో 5వ బిట్. హెక్స్ 24 అడ్రసులో ఉన్నది దిశను చెప్పే రిజిస్టర్, హెక్స్ 25లో ఉన్నది విలువ పెట్టే రిజిస్టర్. హెక్స్ 24 అనే అంకెను వోలటైల్ అన్‌సైన్డ్ క్యార్ పాయింటర్‌గా కాస్ట్ చేసి, ముందు స్టార్ పెట్టి, ఉన్న విలువకు 32ను (హెక్స్‌లో 20) ఆర్ చెయ్యండి. 25కూ అదే చెయ్యండి. దీపం వెలుగుతుంది. ఇప్పుడు హెక్స్ 23కు వెళ్ళి ఆర్ చెయ్యకుండా నేరుగా 32 రాయండి. ఆరిపోతుంది. మళ్ళీ రాస్తే మళ్ళీ వెలుగుతుంది. 23 నిజానికి పిన్ స్థితిని చదివే రిజిస్టర్. అక్కడ ఒకటి రాస్తే విలువ నిలవదు, పిన్ తిరగబడుతుంది. రాసింది రాసినట్టు ఉండని చోట్లు మెమరీలో ఉన్నాయని ఏ లింక్డ్ లిస్టూ నేర్పదు.

ఈ అంకెలు ఎక్కడివి అంటే, డేటాషీట్ చివరి భాగంలో రిజిస్టర్ సమ్మరీ అనే పట్టిక ఉంది. అక్కడ పోర్ట్ బీకి రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి హెక్స్ 05, పక్కన బ్రాకెట్లో హెక్స్ 25. చాలామంది మొదటిదాన్ని పట్టుకుని మోసపోతారు. 05 అన్నది ఇన్, అవుట్ అనే అసెంబ్లీ ఇన్‌స్ట్రక్షన్లకు చెల్లే అంకె. పాయింటర్ వెళ్ళే దారిలో దానికి హెక్స్ 20 కలుస్తుంది. మీరు ఒకసారి కావాలనే పాయింటర్‌తో 05కు వెళ్ళి రాయండి. ఎల్‌ఈడీ పలకదు, ప్రోగ్రాం వింతగా ప్రవర్తించవచ్చు. ఈ చిప్‌లో హెక్స్ 00 నుంచి 1ఎఫ్ దాకా ఉన్న అడ్రసులు సీపీయూ సొంత 32 రిజిస్టర్లవి. మీరు రాసింది ఆర్5 అనే రిజిస్టర్‌లోకి పోయింది. కంపైలర్ అక్కడ ఏదైనా దాచుకుని ఉంటే అది పోయినట్టే.

ఇదంతా సీకి ద్రోహం అనుకునేవాళ్ళు ఈ భాష పుట్టుక చూడాలి. డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో సీని రూపొందించింది పీడీపీ-11 అనే యంత్రం మీద. దానిలో పరికరాల రిజిస్టర్లు కూడా మెమరీ అడ్రసుల్లోనే ఉండేవి. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్ సోర్సులో ప్రాసెసర్ స్టేటస్ వర్డ్‌కు పీఎస్ అని పేరుపెట్టి, ఆక్టల్ 0177776 అనే ఉత్త అంకెను ఇచ్చారు. కాస్ట్ లేదు. అంకె పక్కనే బాణం గుర్తు పెట్టి స్ట్రక్చర్ సభ్యుణ్ణి తాకేవారు. ఆనాటి కంపైలర్ ఒప్పుకునేది. కన్సోల్ టెర్మినల్‌కు 0177560. అంటే అంకెతో ఇచ్చిన అడ్రసుకు వెళ్ళి పని చెయ్యడం ఈ భాషకు తర్వాత అంటిన చెడ్డ అలవాటు కాదు, యూనిక్స్ నడిచిందే దానిమీద.

రెండో సలహా: అదే పనిని ల్యాప్‌టాప్‌లో చెయ్యండి. హెక్స్ 25కు పాయింటర్ పెట్టి రాయండి. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం చస్తుంది. చావనివ్వండి, ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు. లినక్స్ మీ ప్రోగ్రాంకు ఇచ్చేవి ఊహా అడ్రసులు. ప్రతి అడ్రసునూ హార్డ్‌వేర్‌లోని ఎంఎంయూ పేజీ పట్టికలు చూసి అసలు మెమరీకి మారుస్తుంది. పట్టికలో లేని పేజీకి వెళ్తే ప్రాసెసర్ కెర్నెల్‌ను పిలుస్తుంది, కెర్నెల్ మీ ప్రోగ్రాంకు 11వ నంబర్ సిగ్నల్ పంపి ఆపేస్తుంది. తర్వాత ఒక లోకల్ వేరియబుల్ అడ్రసును ముద్రించి ప్రోగ్రాంను రెండుసార్లు నడపండి. రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. 2005 నుంచి లినక్స్ స్టాక్ మొదలయ్యే చోటును ప్రతిసారీ కావాలనే జరుపుతోంది, దాడి చేసేవాడికి ముందే తెలియకూడదని. నిన్న చూసిన అంకెను ఇవాళ ప్రోగ్రాంలో రాసిపెట్టుకుంటే ఎందుకు పనికిరాదో ఈ రెండు వరుసలు చూస్తే చాలు.

ల్యాబులో టర్బో సీ ఇంకా ఉంటే దాన్ని తిట్టకండి. దాంతో ఒక్క పని చెయ్యండి. ఫార్ పాయింటర్‌లో సెగ్మెంట్ బీ800, ఆఫ్‌సెట్ 0 పెట్టి, ఒక అక్షరం రాయండి. తెర పై ఎడమ మూలలో అది కనిపిస్తుంది. ప్రింట్‌ఎఫ్ లేదు, ఏ లైబ్రరీ లేదు. సరి అడ్రసుల్లో అక్షరం, బేసి అడ్రసుల్లో దాని రంగు. 80 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసలు, వెరసి 4000 బైట్లు ఒక తెర. డాస్ కాలంలో ప్రాసెసర్ రియల్ మోడ్‌లో ఉండేది, అడ్డుకునే కావలి లేదు. ఇప్పుడు డాస్‌బాక్స్ ఆ పాత యంత్రాన్నే నటిస్తుంది కాబట్టి అందులోనూ పని చేస్తుంది. అదే కోడ్‌ను ఇవాళ్టి జీసీసీలో పెడితే ఫార్ అన్న మాటే తెలియదంటుంది. ఫార్ తీసేసి నడిపితే ఫాల్ట్. కోడ్ తప్పయిపోయిందని చాలామంది అనుకుంటారు. మారింది కోడ్ కాదు, అది నిలబడిన నేల.

మూడో సలహా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దీన్ని అందరూ తప్పించుకు పోతారు. సున్నాకు వెళ్ళండి. నల్ పాయింటర్‌ను చదవండి.

ల్యాప్‌టాప్‌లో ఫాల్ట్ వస్తుంది. లినక్స్ మామూలు ప్రోగ్రాంలకు అడుగున కొన్ని పేజీలు సాధారణంగా ఇవ్వదు. ఊనోలో ఫాల్ట్ రాదు. సున్నా అడ్రసులో ఆర్0 అనే రిజిస్టర్ ఉంది, అందులో ఏముంటే అది వస్తుంది. బ్లూపిల్ అనే బోర్డు మీద ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్ ఉంటుంది, అక్కడ సున్నాను నాలుగు బైట్లుగా చదవండి. హెక్స్ 2000 తో మొదలయ్యే పెద్ద అంకె వస్తుంది. అది స్టాక్ పాయింటర్ మొదటి విలువ. ఆ చిప్‌లోని కార్టెక్స్-ఎం ప్రాసెసర్ కరెంటు రాగానే మొట్టమొదట చదివేది సున్నా అడ్రసునే, తర్వాత 4వ అడ్రసును. 4లో ఉన్నది ప్రోగ్రాం మొదలయ్యే చోటు. మూడు యంత్రాలు, ఒకే వాక్యం, మూడు జవాబులు. నల్ అంటే ఏమీ లేని చోటు అని పుస్తకం చెప్పింది. యంత్రం చూస్తే అక్కడ ఏదో ఒకటి ఉంది.

మరి సీ ప్రమాణం ఏమంటుంది? నల్‌ను డీరిఫరెన్స్ చేస్తే ప్రవర్తన నిర్వచించబడలేదు అంటుంది. ఇది ఊరికే భయపెట్టే మాట అనుకుంటారు. 2009లో లినక్స్ కెర్నెల్‌లో, టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో దొరికిన లోపం చదవండి. అక్కడ రాసినవాళ్ళు ముందు పాయింటర్ ద్వారా ఒక సభ్యుణ్ణి చదివి, ఆ తర్వాత వరుసలో పాయింటర్ నల్ కాదు కదా అని పరీక్షించారు. జీసీసీ ఏమనుకుంది? ఈ పాయింటర్‌ను ఇప్పటికే వాడారు, అంటే ఇది నల్ అయ్యే అవకాశం లేదు, కాబట్టి పరీక్ష అనవసరం. పరీక్షను తీసేసింది. సున్నా పేజీని తన ప్రోగ్రాంలోకి మ్యాప్ చేసుకోగలిగిన దాడిదారుడికి దారి దొరికింది. ఆ తర్వాత కెర్నెల్‌ను, నల్ పరీక్షలను తొలగించవద్దు అనే ఆప్షన్‌తో కంపైల్ చేయడం మొదలుపెట్టారు. ఏవీఆర్ చిప్పులకు జీసీసీ ఆ తొలగింపును పూర్తిగా ఆపేసి ఉంచింది, అక్కడ సున్నా నిజమైన అడ్రసు గనుక. నల్ గురించి క్లాసులో ఒక గంట చెప్పే బదులు ఈ ఒక్క సంఘటన చెప్తే సరిపోతుందని నా గట్టి నమ్మకం.

నాలుగో సలహా: వోలటైల్ తీసేయండి. ఆప్టిమైజేషన్ పెంచండి. రెండూ ఒకేసారి.

సూది సెన్సర్ లాంటిదాన్ని ఊహించుకుని బోర్డు మీదే కట్టండి. 8వ పిన్‌కు ఒక బటన్, అది పోర్ట్ బీలో సున్నా బిట్. బటన్ నొక్కితే పిన్‌కు 5 వోల్టులు అందాలి, వదిలితే 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దాన్ని గ్రౌండ్‌కు లాగాలి. హెక్స్ 23ను చదువుతూ, ఆ బిట్ మారేదాకా తిరిగే వైల్ లూప్ రాయండి, లూప్ బయటికి రాగానే ఎల్‌ఈడీ వెలగాలి. వోలటైల్ ఉన్నప్పుడు బటన్ నొక్కగానే వెలుగుతుంది. వోలటైల్ తీసేస్తే ఎంత నొక్కినా వెలగదు. ఎందుకు? లూప్ లోపల ఆ అడ్రసులో రాసేవాళ్ళెవరూ కంపైలర్‌కు కనిపించరు. విలువ మారదనుకుని ఒక్కసారే చదివి, ఆ ఒక్క జవాబుతోనే అనంతంగా తిరిగే కోడ్ ఇస్తుంది. అసెంబ్లీ తెప్పించి చూడండి. చదివే ఇన్‌స్ట్రక్షన్ లూప్ బయట ఉంటుంది, లోపల తన దగ్గరికే దూకే ఒక జంప్ మాత్రం మిగులుతుంది. ఇది కళ్ళతో చూసినవాడు జన్మలో వోలటైల్ మరచిపోడు.

ఆప్టిమైజేషన్ పూర్తిగా ఆపితే ఇదే తప్పు కోడ్ చక్కగా నడుస్తుంది. అక్కడే అసలు ప్రమాదం. ల్యాబులో పాస్, చివరి బిల్డ్‌లో ఫెయిల్. ఆర్డ్వినో సాఫ్ట్‌వేర్ మామూలుగానే సైజు తగ్గించే ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తుంది కాబట్టి ఊనోలో మీకు వెంటనే దొరికిపోతుంది. నిజంగా తిరుగుతున్న కుట్టుమిషన్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దే వద్దు. ఆగాల్సిన చోట ఆగని సూది కింద ఉండేది ఒక మనిషి వేలు.

వోలటైల్‌ను ఎక్కడ పెట్టాలో కూడా తప్పుచేసి చూడండి. స్టార్‌కు ముందు పెడితే చూపబడిన బైటు వోలటైల్. స్టార్ తర్వాత పెడితే పాయింటరే వోలటైల్, అవతలి బైటు కాదు. మొదటిదే మనకు కావాలి. వోలటైల్ అన్నీ కాపాడుతుందన్న నమ్మకం కూడా ఇక్కడే వదిలించుకోండి. ఏటీమెగా చిప్‌లో టైమర్ 1 లెక్క 16 బిట్లు, హెక్స్ 84, 85 అనే రెండు అడ్రసుల్లో ఉంటుంది. 84ను చదవగానే పైబైటు ఒక తాత్కాలిక రిజిస్టర్‌లో నిలుస్తుంది, 85 చదివితే అది వస్తుంది. ఈ రెండు చదువుల మధ్య ఇంటరప్ట్ వచ్చి, అదీ ఇలాంటి 16 బిట్ల రిజిస్టర్‌నే తాకితే, మీకు ఒకదాని తల, ఇంకోదాని తోక దొరుకుతాయి. వోలటైల్ దీన్ని ఆపదు. ఇంటరప్టులను ఆ కాసేపు మూయాల్సిందే.

వెడల్పు విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను. హెక్స్ 24కు క్యార్ పాయింటర్ కాకుండా 16 బిట్ల అన్‌సైన్డ్ ఇంట్ పాయింటర్ పెట్టి, హెక్స్ 2020 రాయండి. 24లోనూ 25లోనూ 20 పడుతుంది, దీపం ఒక్క వాక్యంతో వెలుగుతుంది. ముచ్చటగా ఉంది కదా? అదే పాయింటర్‌ను 25కు జరిపి హెక్స్ ఎఫ్ఎఫ్20 రాయండి. పైబైటు 26కు పోతుంది. అది పోర్ట్ సీకి చెందిన పిన్ రిజిస్టర్, ఒకట్లు రాస్తే తిరగబడే రకం. మీరు పేరు కూడా ఎత్తని పోర్ట్ సీ మారిపోతుంది. పాయింటర్ టైపు అంటే ఒక్కో తాకుడుకు ఎన్ని బైట్లు కదులుతాయో చెప్పే మాట. కార్టెక్స్-ఎం0 లాంటి ప్రాసెసర్లలో నాలుగు బైట్ల పాయింటర్‌ను నాలుగుతో భాగించబడని అడ్రసుకు పెడితే నేరుగా హార్డ్‌ఫాల్ట్ వస్తుంది. అదీ చేసి చూడండి.

ఐదో సలహా: చూడకూడని చోట చూడండి. పాయింటర్ అంటే ఇంటి డోర్ నంబర్ లాంటిదని ఎవరో మీకు చెప్పే ఉంటారు. ఇంటిని వీధిలోంచి ఎన్నిసార్లు చూసినా లోపలివాళ్ళు తగ్గరు. హెక్స్ సీ6 అలా కాదు. అది సీరియల్ పోర్ట్ డేటా రిజిస్టర్. చదివితే వచ్చిన అక్షరం క్యూలోంచి బయటికి వచ్చేస్తుంది, అదే అడ్రసును వెంటనే మళ్ళీ చదివితే అది ఉండదు. అక్కడే రాస్తే రాసింది వైరు మీదికి వెళ్తుంది. రాసింది తిరిగి చదవలేరు, ఎందుకంటే ఒకే అడ్రసు వెనక రెండు వేర్వేరు రిజిస్టర్లున్నాయి. కాబట్టి ఒక ప్రయోగం. కంప్యూటర్ నుంచి అక్షరాలు పంపండి, ప్రోగ్రాంలో సీ6ను ఒకసారి ఊరికే చూడటానికి, ఇంకోసారి వాడటానికి చదవండి. అక్షరాలు తప్పిపోతుంటాయి. డీబగ్గర్‌లో మెమరీ కిటికీ తెరిచిపెట్టి, బగ్ ఎక్కడుందని రోజులు వెతికే వాళ్ళున్నారు. బగ్ ఆ కిటికీయే.

ఆరోది: వేరే చిప్ పుస్తకంలోని అడ్రసును తెచ్చి వాడండి. మన కాలేజీల్లో 8051 చదవని ఈసీఈ విద్యార్థి ఉండడు. ఇంటెల్ 1980లో తెచ్చిన ఆ చిప్‌లో పోర్ట్ 1 అడ్రసు హెక్స్ 90. ఆ 90ని ఒక పాయింటర్ వేరియబుల్‌లో పెట్టి దాని ద్వారా రాయండి. పోర్ట్ కదలదు. హెక్స్ 80 నుంచి పైన ఉన్న ప్రత్యేక రిజిస్టర్లకు డైరెక్ట్ అడ్రసింగ్‌తో మాత్రమే దారి ఉంది. పాయింటర్ వెళ్ళేది ఇన్‌డైరెక్ట్ దారిలో. 8052లో అదే 90కి ఆ దారిన వెళ్తే ఇంకో ర్యామ్ బైటు తగులుతుంది. అందుకే కైల్ కంపైలర్‌లో ఎస్‌ఎఫ్‌ఆర్ అనే ప్రత్యేక పదం పెట్టారు. అంకె సరైనదే, దారి వేరు.

బ్లూపిల్ మీద దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఒకటుంది. దాని ఎల్‌ఈడీ పోర్ట్ సీ 13వ పిన్‌కు. పోర్ట్ సీ మొదలయ్యేది హెక్స్ 40011000 దగ్గర, విలువ రాసేది 4001100సి దగ్గర. రాయండి. ఏమీ జరగదు, ఫాల్ట్ కూడా రాదు. తిరిగి చదివితే సున్నాలు. అడ్రసు తప్పేమోనని పుస్తకం తిరగేస్తారు. తప్పు అది కాదు. కరెంటు ఆదా కోసం ఆ పోర్ట్‌కు క్లాక్ ఆపి ఉంది. హెక్స్ 40021018లో 4వ బిట్ పెట్టి క్లాక్ ఇచ్చేదాకా ఆ అడ్రసులో ఎవరూ లేనట్టే ఉంటుంది. ఎల్‌ఈడీ పలకాలంటే ఆ తర్వాత పిన్‌ను అవుట్‌పుట్‌గా కూడా మార్చాలి.

ఇక ఎక్కడ ఆగాలో. పిన్‌ను అవుట్‌పుట్‌గా చేసి గ్రౌండ్‌కు నేరుగా తగిలించకండి, ఏటీమెగాలో ఒక పిన్ భరించగలిగే గరిష్ఠం 40 మిల్లీఆంపియర్లు. ఈఈప్రామ్‌తో లూపుల్లో ఆడకండి. ఈ చిప్‌లో అది పాయింటర్‌కు అందదు, దానికి వేరే రిజిస్టర్ల ద్వారా వెళ్ళాలి. ఒక రాతకు దాదాపు 3.4 మిల్లీసెకన్లు పడుతుంది, హామీ ఉన్న ఆయుష్షు లక్ష రాతలు. లూప్‌లో ఒకే బైటు మీద మర్చిపోయి వదిలేస్తే ఆరు నిమిషాల్లోపే ఆ లక్ష అయిపోతాయి. ఇతరుల యంత్రం, నడుస్తున్న మగ్గం, రాజపాళయం దగ్గరి ఛత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే పవర్‌లూమ్ డ్రైవ్ — వీటి జోలికి ఈ సలహాలతో వెళ్ళకండి.

జీతానికి రాసే కోడ్‌లో ఉత్త అంకెలు ఒక్కటి కూడా ఉంచకండి. చిప్ తయారీదారు ఇచ్చే హెడర్‌లో పేర్లున్నాయి, అవే వాడండి. హెడర్‌లో లేని రిజిస్టర్ తగిలితే ఒక్కచోటే పేరుపెట్టి నిర్వచించండి, సరైన వెడల్పుతో, స్టార్‌కు ముందు వోలటైల్‌తో. ఆ వరుస పక్కనే కామెంట్‌లో డేటాషీట్ పేరు, రివిజన్, పేజీ నంబరు రాయండి.